అందరికీ ఒకే కొలత

నిన్న మా అమ్మాయి పరీక్ష దరఖాస్తులో తన ఫోటో పట్టడం లేదని విసుక్కుంటూ, ఫోన్లో దాన్ని అటూ ఇటూ లాగుతుంటే ఫోటోలో ఒక్కసారిగా దాని బుగ్గలు బూరెల్లా పొంగాయి. అది కెవ్వుమంది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, ఎందుకంటే అలాంటి బుగ్గల పుణ్యమా అనే నా పెళ్లయింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన మా మేనమామ, చైతన్యపురి వెళ్లే దారిలో కోచింగ్ సెంటర్ల నడుమ ఒక గదిలో పెళ్లిసంబంధాల ఆఫీసు నడిపేవాడు. అందులో కంప్యూటర్ ముందు కూర్చునేది నేను. ఊరందరికీ సంబంధాలు చూపించే ఆ గదిలో నాకే సంబంధం కుదరడం లేదన్నది మా అమ్మ బెంగ. చదువు నచ్చేది, కుటుంబం నచ్చేది, తీరా పిల్లను చూసి వెళ్లాక మరీ పుల్లలా ఉందని కబురొచ్చేది. ముప్పై దగ్గర పడుతుంటే, పైకి నవ్వుతూ తిరిగినా లోపల నాకూ దిగులుగానే ఉండేది.

అంతలో మామయ్యకు వెబ్‌సైట్ మోజు పుట్టింది. బీరువాలోని ఫోటోలన్నీ, నా నిలువు ఫోటోతో సహా, స్కాన్ చేసి, అన్నిటినీ ఒక్కసారే చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించాను. అప్పట్లో ఎత్తు తెలియాలని నిలువు ఫోటోలిచ్చేవాళ్లు కొందరు, భుజాల దాకా తీయించి ఇచ్చేవాళ్లు కొందరు. అన్నిటినీ ఒకే ఎత్తుకు తగ్గిస్తే, నిలువువి బద్దల్లా సన్నగా, మిగతావి వెడల్పుగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన నల్లగొండ పెద్దాయన ఒకాయన, తెర మీద తన కొడుకు పక్కన విజయవాడ అబ్బాయిని చూసి, "మా పోరనిది గింతంత పెట్టి, ఆంధ్రోళ్లదేమో గంత పెద్దగ పెట్టిండ్రు, గిదేం న్యాయం?" అని నిలదీశాడు.

మామయ్య ఎలాగో సర్దిచెప్పి ఆయన్ను పంపేశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ రాస్తారోకోలు జరుగుతున్న కాలంలో ఆ మాట బయటికి పొక్కితే ఇంకేమైనా ఉందా! "అందరికీ ఒకే పొడవు, ఒకే వెడల్పు కొట్టెయ్యమ్మా, ఎవరూ ఎక్కువా కాదు, తక్కువా కాదు" అన్నాడు. అలా చేస్తే మనుషుల ఆకారాలు మారిపోతాయని చెప్పబోయాను గానీ, ఆయన చెవిన పెడితేగా. ఆకారం చెడకుండా కాపాడే టిక్కు తీయించి, మీట నొక్కించి, ఫోటోలు వెబ్‌సైట్‌లోకి ఎక్కించి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, మర్నాడు బంద్ కాబట్టి బస్సులుండగానే ఇల్లు చేరాలని షట్టర్ దించేశాడు.

బంద్ రోజు జనానికి వేరే పనేముంది? కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటికీ ఇరుగుపొరుగు చేరి మా వెబ్‌సైట్ చూశారు. నిలువు ఫోటోలిచ్చిన వధూవరులందరూ పొట్టిగా, గుండ్రంగా, ఒక్క అచ్చులో పోసిన లడ్డూల్లా ఉన్నారు. ఆ మర్నాడు ఆఫీసు తెరిచేసరికి కోస్తావాళ్లూ నల్లగొండవాళ్లూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చుని, ఒకరికొకరు మాట అందించుకుంటూ మామయ్యను తిట్టారు. ఆ రోజుల్లో అంత ఐకమత్యం నేనింకెక్కడా చూడలేదు.

ఆ గుంపులో ఫిర్యాదు లేకుండా వచ్చింది ఒక్కావిడే, ఎల్బీనగర్ నుంచి, కొడుకును వెంటబెట్టుకుని. తెర మీద ఒక ఫోటో చూపించి, ఈ పిల్లే కావాలంది. ఆ పిల్ల నేనే. లేచి నిలబడక తప్పింది కాదు. ఆవిడ నన్నూ తెరనూ మార్చి మార్చి చూస్తుంటే, ఇదీ పోయిందనుకుని కళ్లు దించుకున్నాను.

"ఏంది బిడ్డా, ఫోటోల నిండుగున్నవ్, గిట్ల ఎండిపోయినవేంది? ఏం పరేషాన్ గాకు, మా ఇంటికి రా, ఫోటోల ఉన్నట్టే చేస్త" అంది. కొడుకు కిసుక్కున నవ్వాడు. ఫోటోలో ఆయనా పహిల్వానే, ఎదురుగా చూస్తే మునక్కాడ. ప్రాంతం మాట రెండువైపులా చుట్టాలు ఎత్తారు గానీ, మా అత్తగారి నోటి ముందు ఎవరూ నిలవలేకపోయారు.

ఇప్పుడు ఫోటోలు చిన్నవి చేయడానికి మనిషే అక్కర్లేదు, ఫోనే అన్నీ చక్కబెట్టి, ముఖం మీది మొటిమ కూడా తుడిచేస్తుంది. మామయ్య ఆఫీసు ఉన్నచోట బిర్యానీ పాయింట్ వెలిసింది. జొన్నరొట్టె మీద నెయ్యి వేసి, ఇంకొకటి, ఇంకొక్కటి అంటూ అత్తగారు ఏళ్ల తరబడి నా వెంటపడి తినిపించారు. నిన్న నవ్వుకుంటూనే అద్దం ముందు నిలబడితే తెలిసింది, నేను అచ్చంగా వెబ్‌సైట్‌లోని ఆ ఫోటోలోలాగే తయారయ్యాను. చూసి మురిసిపోవడానికి ఆవిడే లేరు.