అమ్మ చేతులు ఖాళీ అయ్యాక

మా ఇంట్లో సొట్ట లేని కంచం ఉండేది కాదు. అన్నీ స్టీలు కంచాలే. ఉప్పు తక్కువైతే ఒకటి, కూర చల్లారితే ఒకటి, ఏ వంకా దొరక్కపోతే దొరకనందుకు ఒకటి వెళ్ళి గోడకు తగిలేది. గోడకు తగలనివి అమ్మకు తగిలేవి. విసిరేది మా నాన్న. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రి ఆయన. షెడ్డులో ఎవరిని అడిగినా వెన్నపూస లాంటి మనిషి అంటారు. ఆ వెన్నపూస ఇంటి గడప దాటేసరికి ఏమైపోయేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

అమ్మను వీధిలో అందరూ గిన్నెలమ్మ అనేవారు. ఒక పెద్ద హాస్టల్ మెస్సులో గిన్నెలు తోమేది. మనిషి లోపల కూర్చుంటే తల మాత్రమే కనిపించేంత గుండిగలు అవి. పక్కకు పడేసి, నడుము దాకా లోపలికి దూరి, అడుగంటిన మాడును ఇనుప పీచుతో గీకేది. తడి గుండిగను మణికట్టు బలంతో ఒంటిచేత్తో తిప్పేసేది. అది అయ్యాక ఇంటికొచ్చి మళ్ళీ మా గిన్నెలు. బతుకంతా ఊరి ఎంగిలి కడగడమేనా అని నేను విసుక్కుంటే, ఎంగిలి నయం, కడిగితే పోతుంది కదే అని నవ్వేది.

ఇంటి సింకు దగ్గర మాత్రం ఆమె వేరే మనిషి. నాన్నకు ఎంగిలి గిన్నెలంటే అసహ్యం. చొక్కా మీద ఒక్క చుక్క పడినా గంటసేపు ఒళ్ళు రుద్దుకునే రకం. అందుకే వంటింట్లో ఆ మూలకు అడుగుపెట్టేవాడు కాదు. అది అమ్మ కనిపెట్టింది. దెబ్బ పడగానే కంచాలన్నీ చేతికి అందినట్టు పోగేసుకుని ఆ మూలకు చేరేది. కుళాయి పూర్తిగా తిప్పేది. ఇక గిన్నెల పని పట్టేది చూడండి, మూకుడును బండకేసి బాదేది, గరిటెలను విరగ్గొట్టేలా విసిరేది, నీళ్ళ చప్పుడు చాటున తిట్టేది. "నీ చెయ్యి పడిపోను. నీ నోట్లో మన్ను కొట్ట." నేను పక్కన నిలబడి తడిగిన్నెలు తుడిచేదాన్ని. చివరి గిన్నె బోర్లించేసరికి ఆమె ఊపిరి నిమ్మళించేది. లోపల నాన్న కూడా చల్లబడి గుర్రు పెడుతుండేవాడు. అలా ఎన్నేళ్ళు బతికిందో.

నేను పెద్దయ్యాక మందుల షాపులో ఉద్యోగం చూసుకుని వేరే వీధిలో ఇల్లు తీసుకున్నాను. నా దగ్గరికి రమ్మని అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. వచ్చేది కాదు. అంతకుముందు ఒకసారి తన అక్క, అంటే మా పెద్దమ్మ ఇంటికి పారిపోయింది. నాన్న అక్కడికే వెళ్ళి, తలుపు తీసిన పెద్దమ్మ పళ్ళు రాలగొట్టి, అమ్మను జుట్టు పట్టుకుని వీధిలో ఈడ్చుకొచ్చాడు. ఈసారి వెళితే చంపి పాతిపెడతానని అందరి ముందూ చెప్పాడు. చెప్పింది చేసే మనిషని అమ్మ నమ్మకం. తను చావడం సరే, అడ్డొస్తే కూతుర్నీ చంపుతాడేమోనని భయం.

ఈలోగా అమ్మ వేళ్ళ సందులు పాచిపోయాయి. చర్మం చీలి రక్తం వచ్చేది. మెస్సు పని మానేసినా తగ్గలేదు. చేతులు నీళ్ళలో పెట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పింది. అప్పుడు నేను డిష్‌వాషర్ కొనిచ్చాను.

దాన్ని బిగించడానికి వచ్చినతను కంచాలు అరలో నిలబెట్టబోతే ఒక్కటీ నిలబడలేదు. ఇన్ని సొట్టలేంటమ్మా అని అడిగాడు. చెయ్యి జారిందంది అమ్మ. అతను కంచాలనూ, గోడనూ మార్చి మార్చి చూసి తన పనిలో పడ్డాడు. మర్నాడు నేను కొత్త కంచాలు తెచ్చాను. మొదట్లో అమ్మ గిన్నెలన్నీ శుభ్రంగా తోమి, ఆ తర్వాత మిషన్లో పెట్టేది. కడిగినవాటిని కడగడానికి ఇదెందుకే అని నేను పోట్లాడి మాన్పించాను. వేళ్ళు మానాయి. నా మొహం వెలిగిపోయింది.

నా సంబరం మీద మన్ను పొయ్య. భోజనమయ్యాక ఆ మిషను తలుపు మూసి మీట నొక్కితే అమ్మకు ఇక పనేముంది? వచ్చి ముందుగదిలో కూర్చునేది. ఎదురుగా నాన్న. అంత సేపు వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చోవడం అంతకుముందు ఎన్నడూ లేదు. ఏం చూస్తున్నావే అని ఒకటి, తల దించుకుంటే ఆ పొగరేంటని ఇంకొకటి. పారిపోవడానికి మూల లేదు. వంటింట్లోకి పోతే వెంట వచ్చేవాడు, అక్కడ ఇప్పుడు ఎంగిలి లేదుగా. పక్కటెముక ఒకటి చిట్లింది. ఫోన్లో నాతో అంది, "తిట్టడానిక్కూడా చోటు లేదే. ఈ చేతులతో ఏం చెయ్యాలో తెలీట్లేదు." మిషను వెనక్కి ఇచ్చేద్దామా అన్నాను. వేళ్ళు బాగున్నాయి కదా, ఉండనీ అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ముగ్గురం భోంచేస్తున్నాం. నాన్న రెండు ముద్దలు తిని, కూరలో ఉప్పు చూశావా అన్నాడు. అమ్మ జవాబు చెప్పేలోపే కంచం లేచింది. అంచు ఆమె కనుబొమ్మ మీద తగిలి చర్మం తెగింది. రక్తం కంట్లోకి కారింది. నేను లేచి అడ్డం నిలబడ్డాను. నాన్న నా చెంప మీద కొట్టాడు. నేను గోడకు గుద్దుకుని కూలబడ్డాను, నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. మళ్ళీ చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి కిందికి రాలేదు. అమ్మ పట్టుకుంది.

విదిలించుకోబోయాడు. వదల్లేదు. గుండిగను తిప్పినట్టు ఆ మణికట్టును ఒక్క తిప్పు తిప్పింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నాన్న కేక పెట్టి మోకాళ్ళ మీద పడ్డాడు. అమ్మ ఆగలేదు. కింద పడ్డ కంచం తీసి మొహం మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది, కంచం వంగిపోయేదాకా కొట్టింది. ముక్కు పగిలింది. వెల్లకిలా పడితే గుండెల మీద మోకాలు మోపి గొంతు పట్టుకుంది. ఇన్నాళ్ళూ కుళాయి చాటున తిట్టినవన్నీ గొంతెత్తి తిట్టింది. వీధి మొత్తం విని ఉంటుంది.

దాచను, నాకు కడుపు చల్లబడింది. కూలబడ్డ చోటే కూర్చుని చూశాను. నాన్న మొహం నల్లబడి, కాళ్ళు నేలకు కొట్టుకోవడం మొదలయ్యాక గానీ నాకు భయం వేయలేదు. వెళ్ళి అమ్మను లాగాను. కదల్లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే నా రెండు చేతులతో విడదీయాల్సి వచ్చింది. అప్పటికి ఎదురింటి టైలరు పరుగెత్తుకొచ్చాడు. నాన్న దగ్గుతూ, రక్తం కక్కుతూ గోడవారకు పాకి, కాపాడమని అతని కాళ్ళు పట్టుకున్నాడు. ఇది నన్ను చంపుతుంది, దీన్ని నా దగ్గరికి రానీకు అని ఏడ్చాడు. టైలరు ఆయన్ను ఆటోలో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఇల్లు సద్దుమణిగింది. అమ్మ నేల మీద కూర్చుని తన చేతులను చూసుకుంటోంది. నేను ఆమె కనుబొమ్మకు గుడ్డ అదిమిపట్టి, గెలిచినట్టు మాట్లాడుతున్నాను. ఇక తోక ముడుచుకుని పడి ఉంటాడమ్మా, ఈ ఇల్లు నీది, ఇక్కడే మహారాణిలా ఉండు, చెయ్యెత్తితే రెండోదీ విరిచెయ్యి అన్నాను.

అమ్మ నా చెయ్యి పక్కకు తోసి లేచింది. బీరువా తీసి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. ఎక్కడికమ్మా అన్నాను.

"నువ్వు లాగకపోతే నేను వదిలేదాన్ని కాదే. వదలాలని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆయన నన్ను చంపుతాడేమోనని కదల్లేదు. ఇప్పుడు నేను ఆయన్ని చంపేస్తానేమోనని నీ ఇంటికి వస్తున్నా. పద."