నిమిషం నిండేదాకా

కాలేజీలో ఇన్నేళ్లూ నేను చెప్పిన ఊపిరితిత్తుల మందుల పాఠం, నల్లగొండ దవాఖానలో కంపౌండర్ సాబ్ దగ్గర నేర్చుకున్నదే. దగ్గుతో ఎవరొచ్చినా ఆయన ముందు వాళ్ల వీపు మీద అరచెయ్యి ఆనించేవారు. గోడగడియారం చూస్తూ నిమిషం నిండేదాకా ఊపిరి లెక్కపెట్టేవారు. తర్వాత నా చెయ్యి పెట్టించేవారు. ఆ లెక్కను బట్టే మందు కలపడం.

పోలీసు చర్య అయిపోయినా, సాయుధ పోరాటంలో ఉన్న సంఘపోళ్ల కోసం వెతుకులాట ఆగని రోజులవి. మర్రిగూడ నుంచి ఒకామె రొప్పుతున్న పసిబిడ్డను ఎత్తుకొచ్చింది. ఆమె భర్త సంఘంలో ఉన్నాడని అందరికీ తెలుసు. మందు సీసా ఆమె చేతికిస్తుండగా పోలీసు జవాను లోపలికొచ్చాడు.

"నీ మొగడు యాడున్నడు?" అని అడుగుతూనే దగ్గాడు.

"జర కూసో నాయినా," అంటూ కంపౌండర్ సాబ్ అతని వీపు మీద చెయ్యి వేశారు. "మాట్లాడకు. లెక్క తప్పుతది."

జవాను బుద్ధిగా కూర్చున్నాడు. నా చూపంతా వాకిలి మీదే ఉంది. నిమిషం నిండేసరికి ఆమె వీధి మలుపు తిరిగింది.

అతను కూడా సీసా పట్టుకుని వెళ్లాక, "మంచిగ తప్పించినరు సాబ్," అన్నాను.

ఆయన నవ్వలేదు.

"తప్పించుడేంది బిడ్డా? ఆ జవానుకు నిజంగనే నిమ్ము జేసింది. నువ్వే చెయ్యి పెట్టి సూడకపోతివి."