పత్తి చేలో పడిన నింద

మొన్న తొలకరి పడిన మర్నాడు విజయనగరం నుంచి గరివిడి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డు పక్క చేలో ఎవరో గడ్డిమందు కొడుతున్నారు. తడిసిన ఎర్రమట్టి వాసనతో కలిసి, నురగ దేరిన సబ్బునీళ్ళ లాంటి ఆ మందు వాసన గుప్పున లోపలికి కొట్టింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మహలక్ష్మి మేడం గుర్తొస్తారు. ఆవిడ పోయి నాలుగేళ్ళవుతోంది. నన్ను లెక్చరర్‌గా నిలబెట్టింది ఆవిడే, కోప్పడడం నేర్పింది కూడా ఆవిడే.

మీలో ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం విభాగానికి ఆవిడ పెద్ద, నేను అప్పుడే చేరిన కొత్త లెక్చరర్‌ని. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడు గదుల అవతలికి వినిపించేది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం వస్తే స్కూటరు వేసుకుని గరివిడికి లోపలగా ఉన్న తమ్ముడి ఊరు వెళ్ళి, సాయంత్రానికి వంకాయలో బీరకాయలో సంచీ నిండా తెచ్చి మా అందరికీ పంచేవారు. పాఠం తప్పు చెప్పినా క్షమించేవారు కానీ, తెలియని సంగతి తెలిసినట్టు చెబితే మాత్రం పిల్లల ముందే కడిగేసేవారు. మొదటి ఏడాది నేను ఇంటికెళ్ళి ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలియదు. రెండో ఏడాది నుంచి ఆదివారాలు ఆవిడ స్కూటరు వెనక కూర్చుని నేనూ ఆ ఊరు వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే, అంటే రెండువేల పదిహేడు ప్రాంతంలో, ఆ పక్క ఊళ్ళలోకి గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనం వచ్చింది. దానికి ప్రభుత్వ అనుమతి లేదు. పేరులేని సంచుల్లో, రసీదు లేకుండా అమ్మేవారు. మేడం తమ్ముడు అప్పలనాయుడు గారికి ఆ విత్తనం అంటగట్టిన దుకాణం ఆయన తన ఫోనులో ఒక వీడియో చూపించాడట. ఎక్కడో పరాయి దేశంలో కనుచూపు మేర సోయా చిక్కుడు చేను, దాని మీద ఇంత పొడుగు రెక్కలున్న యంత్రం మందు చల్లుకుంటూ పోతోంది. గడ్డి మాడిపోతోంది, సోయా పచ్చగా ఉంటోంది. "ఇదీ అదే జాతి మందు, అదే జాతి విద్య" అన్నాడట. కలుపు తీయడానికి మనుషులు దొరక్క నానా అవస్థలూ పడుతున్న రైతుకి అంతకన్నా ఏం కావాలి!

ఆ ఏడాది ఊరంతా ఆ పత్తి గురించే మాట్లాడుకున్నారు. నోటికొక మాట. విత్తనంలోనే విషం ఉంది, అదే గడ్డిని చంపుతుందని ఒకరు. ఆ ఆకు మేస్తే మేకలు చస్తాయని ఇంకొకరు. ఒక మందు తట్టుకుంది కదా అని వేరే గడ్డిమందు తెచ్చి కొట్టి చేనంతా మాడ్చుకున్నాడొకడు. చిన్నప్పటి నుంచీ అలవాటు చేస్తే ఏ పత్తయినా తట్టుకుంటుందని మామూలు విత్తనాన్ని పల్చటి గడ్డిమందులో నానబెట్టిన మహానుభావుడు ఇంకొకడు. వీటిని విని నేను నవ్వితే మేడం స్కూటరు ఆపేశారు.

"నవ్వుతావేంటి? మనం కాలేజీలో కూర్చుని, తల్లి గుణం పిల్లకి ఎలా వస్తుందో పిల్లలకి బఠాణీల లెక్కలు చెబుతున్నాం. ఈ లెక్క ఇక్కడికి వచ్చి ఎవడు చెప్పాడు? నువ్వు చెప్పావా? నేను చెప్పానా? అమ్మేవాడొక్కడే వచ్చాడు. వాడు చెప్పిందే వీళ్ళకి చదువైంది" అన్నారు. మళ్ళీ నవ్వలేదు నేను.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన మాట ఇంకొకటుంది. ఆ విత్తనం దాచుకుంటే మళ్ళీ మొలవదని. అప్పలనాయుడు గారు మొండిమనిషి, అదేదో తేల్చుకుందామనుకున్నారు. మొదటి ఏడాది పంట బాగా వచ్చింది, మందుకి ఒక్క మొక్క వాడలేదు. తీసిన పత్తిలో కొంత పక్కన పెట్టి, ఇంట్లో ఆడవాళ్ళ చేత దూది వేరు చేయించి, గింజల్ని పేడనీళ్ళలో రుద్ది, బూడిద పట్టించి ఆరబెట్టారు. మరుసటి ఏడు తొలకరికి వేస్తే నూటికి తొంభై మొలిచాయి. ఆయన సంబరం చూడాలి.

"సూసినావా అప్పా! మొలవదన్నారు. ఏటి మొలవకపోడం! ఆ దేశపోళ్ళు సోయా గింజలు దాసుకుని ఏటేటా ఏసుకుంతన్నారంట. మనమేటి తీసిపోనామా?" అని అక్కగారితో గొప్పగా చెప్పారు.

"మొలవడం వేరు, తల్లిలాగే ఉండడం వేరురా. మందు కొట్టకు. ఈ ఒక్క ఏడాదికీ మనుషుల్ని పెట్టి తీయించు" అన్నారు మేడం. ఆయన విన్నట్టే తలూపారు. మేం అటు తిరగ్గానే మందు డబ్బా ఎత్తారు.

ఇక్కడ పైడమ్మ గురించి చెప్పాలి. ఆ ఊళ్ళో గింజలు పెట్టే ఆడవాళ్ళ జట్టుకి ఆవిడ పెద్ద. పత్తయినా, మొక్కజొన్నయినా, పెసలైనా తొలి గింజ ఆవిడ చేత్తో వేయించడం అక్కడ ఆనవాయితీ. పైడమ్మ చెయ్యి పడితే మొలక తప్పదని పేరు. సీజనులో ఆవిడ కోసం రైతులు ముందు రోజే ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళేవారు. ఆవిడ తల మీద పసుపు రాసిన గింజల చేటతో నడిచి వస్తుంటే జట్టులో మిగతా ఆడవాళ్ళు వెనక నడిచేవారు. ఆ తొలకరికి ముందు మాఘమాసంలో ఆవిడ భర్త పోయాడు. అయినా అప్పలనాయుడు గారు పాత అలవాటు కొద్దీ ఆవిణ్ణే పిలిచారు, తొలి గింజ ఆవిడే వేసింది.

మందు కొట్టిన పది రోజులకి మేం వెళ్ళేసరికి చేను గట్టు మీద జనం ఉన్నారు. చేను మొత్తం పోలేదు, అదే చిత్రం. ఇక్కడో మొక్క, అక్కడో మొక్క, వరసలో రెండు బాగుండి మూడోది ఎండి, ఆ పక్కది బాగుండి. పురుగు తిన్నట్టు ఒక మూల నుంచి రాలేదు, నీరు చాలనట్టు ఒక మెరకలోనే పోలేదు. చేనంతా ఏరి ఏరి చంపినట్టుంది. అర్థం కాని చావుని చూస్తే మనుషులకి ఎవరో ఒకరు కావాలి. వాళ్ళకి దొరికారు.

"మొగుడు పోయిన సెయ్యి అది. ఎక్కడెక్కడ దాని సెయ్యి పడ్డాదో అక్కడక్కడ పోనాది" అంది అప్పలనాయుడు గారి భార్య సింహాచలం. గట్టు మీద ఎవరూ కాదనలేదు. ఆ పక్కనే పైడమ్మ నిలబడి ఉంది. "నానేటి సేసినాను వదినా? అందరితో పాటే ఏసినాను కదా" అంది. ఆ మాట ఆవిడ మెల్లిగా అంది, తనకే నమ్మకం లేనట్టు.

మేడం మొహం నేనెప్పుడూ అంత ఎర్రగా చూడలేదు. చెప్పులు విడిచి చేలోకి దిగారు, నన్నూ దిగమన్నారు. ఇద్దరం వరసలు పట్టుకుని లెక్కపెడుతూ పోయాం. ఎక్కడ చూసినా నాలుగింట ఒకటి, కాస్త అటూ ఇటూగా. పైడమ్మ మొదలుపెట్టిన వరసలోనూ అంతే, ఆవిడ అడుగు కూడా పెట్టని అవతలి చెక్కలోనూ అంతే.

గట్టెక్కి తమ్ముణ్ణి నిలబెట్టి అడిగారు. "బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తాదేట్రా?"

"కాయదు కదప్పా. అంటు కట్టాల."

"మరి ఇదీ అంతే. ఇది సంకరం విత్తనం. దీని తల్లిదండ్రుల్లో ఒక్కదానికే మందు తట్టుకునే గుణం ఉంది. పోయినేడు నీ చేలో మొక్కలన్నిటికీ ఆ గుణం ఒక పాలు అందింది, అందుకే అన్నీ బతికాయి. వాటి పిల్లల దగ్గరికి వచ్చేసరికి కొన్నిటికి రెండు పాళ్ళు, కొన్నిటికి ఒకటి, నాలుగింట ఒకదానికి అసలు లేదు. లేనిదాని మీద మందు కొడితే చావదా? వాడు చూపించిన సోయా వేరు. అది తన పువ్వుతో తనే కాయ కట్టుకుంటుంది, అది స్థిరపడిన రకం, దాచుకున్నా అదే వస్తుంది. సోయా బొమ్మ చూపించి వాడు నీకు పత్తి సంకరం అమ్మాడు. ఆ మాట వాణ్ణి అడిగావా?"

అడగలేదు. ఎవరూ అడగలేదు. నాకు ఈనాటికీ మింగుడుపడనిది అదే. దుకాణం ఆయన కనిపిస్తే అందరూ దండం పెడుతూనే ఉన్నారు. కూర్చోమంటే కూర్చుంటున్నారు, టీ ఇస్తే తాగుతున్నారు. అంతమంది చేలు పాడైనా ఆయన చెయ్యి మాత్రం ఎవరికీ చెడ్డది కాలేదు!

నోటిమాట వినరని మేడం చేసి చూపించారు. దాచిన గింజలు ఇంకా ఇంట్లో మిగిలి ఉన్నాయి. అప్పలనాయుడు గారి వాకిట్లోనే ఖాళీ పాల కవర్లలో మట్టి నింపించి నాలుగు వరసలు పెట్టించారు. ఒక వరస పైడమ్మ, ఒకటి సింహాచలం, ఒకటి నేను. "పెళ్ళే కానిదాన్ని, నన్ను ఏ లెక్కలో వేస్తారో చూద్దాం" అంటూ నాలుగోది తనే వేశారు. మొక్కలు నాలుగాకులు వేశాక అన్నిటి మీదా ఒకే మందు, ఒకే రోజు కొట్టించారు. పది రోజులు ఊళ్ళో వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ వాకిట్లోకి తొంగి చూస్తూనే ఉన్నారు.

అన్ని వరసల్లోనూ ఇంచుమించు నాలుగింట ఒకటి చొప్పున మొక్కలు పోయాయి. అన్నిటికన్నా ఎక్కువ పోయింది సింహాచలం వరసలో. నిండు ముత్తయిదువ, పాపం, ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనైతే ఆ చోట దెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. మేడం దెప్పలేదు. మరదలి పక్కన కూర్చుని, "నీ చెయ్యీ చెడ్డది కాదే. ఒక చోట ఒకటి ఎక్కువ పోతుంది, ఇంకో చోట తగ్గుతుంది. గింజకి ఎవరి మొగుడు ఉన్నాడో ఎవరి మొగుడు పోయాడో ఏం తెలుసు?" అన్నారు. సింహాచలం కళ్ళు తుడుచుకుంది. అప్పలనాయుడు గారు అందరి ముందూ, "నిజమేనప్పా. ఆ దుకాణం వోడే ముంచినాడు" అని ఒప్పుకున్నారు. నేను గెలిచామనుకున్నాను. వచ్చేటప్పుడు స్కూటరు మీద పాట కూడా పాడుకున్నాను.

ఆ మరుసటి ఏడు తొలకరికి వెళితే చేలో గింజలు పెడుతున్నారు. తల మీద చేటతో ముందు నడుస్తున్నది వేరే ఆవిడ.

"పైడమ్మేదిరా?" అన్నారు మేడం.

అప్పలనాయుడు గారు నేల చూపులు చూశారు. "దాని తప్పు లేదని నాకు తెలుసునప్పా. ఊరు ఊరుకోవాల కదా. మళ్ళా ఏటైనా అయితే? ఎందుకొచ్చిన గొడవ, ఒగ్గేయ్."

"తెలియక అన్నప్పుడు నీమీద జాలిపడ్డాను. తెలిశాక కూడా అదే చేస్తే దాన్నేమంటారు? పంట పోతే నువ్వు మళ్ళీ వేసుకున్నావు. దాని బతుకు మాత్రం నీ గట్టు మీదే పోయింది" అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. ఆవిడ అరవకపోవడం చూసి నేనే భయపడ్డాను. తమ్ముడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా స్కూటరు తిప్పేశారు. ఆ తరవాత ఆదివారాలు వెళ్ళడం మానేశారు. పోయేదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు. మొండితనమని బంధువులన్నారు. నేనైతే ఆ మొండితనంలో సగమైనా నాకు రావాలనుకున్నాను.

పైడమ్మని తన పెరట్లో చిక్కుడు పాదు పెట్టడానికి విజయనగరం పిలిపించారోసారి. వచ్చింది, గొయ్యి చక్కగా తీసింది. గింజలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, "నువ్వేసీ అమ్మా. నీకెందుకు సెడు" అంది. మేడం ఎంత చెప్పినా వేయలేదు. ఆవిడ వెళ్ళాక మేడం ఆ పాదు పక్కనే కూలబడి, "ఊరి నోరు మూయించొచ్చు అనుకున్నానే. దీని లోపలికి పోయిందాన్ని ఎలా తీయను?" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు అప్పుడొక్కసారే చూశాను.

ఇప్పుడు నేను గరివిడిలో ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతున్నాను. మూడుకొకటి నిష్పత్తి వచ్చిన రోజు పుస్తకంలో ఉన్న బఠాణీలు పక్కన పెట్టి, పైడమ్మ పేరు పెట్టే ఆ పత్తి చేను కథ చెబుతాను. ఇలా అయితే సిలబస్ పూర్తవుతుందా అని ప్రిన్సిపాల్ గారు ఒకసారి అడిగారు. నింద వేసినప్పుడు పేరు పెట్టే వేశారు, కొట్టేసేటప్పుడు పేరు లేకుండా ఎలా కొట్టేస్తామని అడిగాను.

పోయిన ఏడాది అలా చెబుతుంటే వెనక బల్ల మీది పిల్ల ఒకతి లేచి నిలబడింది. "ఆవిడ మా అమ్మమ్మే మేడం. మాకెవరూ ఇదంతా సెప్పలేదు. ఇంటికెల్లి సెప్తాను" అంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు క్లాసు మొదలు కాకముందే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మకి సెప్పినాను మేడం. మీరు బోర్డు మీద గీసిన నాలుగు గళ్ళూ నేల మీద గీసి సూపించినాను. అయితే నా సెయ్యి కాదా, నా సెయ్యి కాదా అని అడుగుతూనే ఉన్నాది."

"మరి?"

"పొద్దున్న పెరట్లో ఆనప పాదు పెట్టినాం మేడం. గొయ్యి తనే తీసింది. గింజ మాత్రం నన్నే ఎయ్యమన్నాది."