రక్తం పట్టిందనుకున్నాం

మా బావ మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మాకందరికీ అలవాటైపోయింది. తుమ్మపాల దగ్గర బెల్లం వండే పొయ్యిల పక్కనే ఆయన వయసంతా గడిచింది. తరవాత అనకాపల్లిలో బెల్లం వ్యాపారం పెట్టుకున్నా, ఆ పొగ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. పోయినేడు డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించాడు. గొట్టం ముక్కుకి తగిలించుకుని రోజులో ఎక్కువసేపు ఉండమన్నాడు. ముక్కుతాడు వేసిన ఎద్దులా కూర్చోలేనని బావ విసుక్కునేవాడు.

ఆ రోజుల్లోనే రక్తపరీక్ష చేయిస్తే, హిమోగ్లోబిన్ ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువని తేలింది. ఇల్లంతా సంబరపడింది. బెల్లం తింటే రక్తం పడుతుందని మా ఊళ్లో బాలింతలకి ముందుగా చెప్పే మాట. బెల్లం అమ్మే ఇంట్లో అది నమ్మకమే కాదు, గర్వం కూడా.

"సూసేవా బావా, మా సరుకు పవరు," అని బావ నా వైపు చూసి నవ్వాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. "ఇంత రక్తం ఉన్నోడికి ఈ గొట్టవెందుకు?"

తీసి మిషను మీద పెట్టేశాడు. మా అక్క, మా మాటలో అప్ప, రోజూ కాఫీతో ఇచ్చే బెల్లం ముక్క ఇంకాస్త పెద్దదైంది.

కొన్ని వారాలకి బావ పెదవులు నేరేడు రంగుకి తిరిగాయి. కాళ్లు వాచాయి. పత్రికలో పనిచేసినవాణ్ణని డాక్టరుతో మాట్లాడే పని నాకు అప్పగించారు. ఆయన తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. మన కణాల్లో ఒక ప్రొటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుందట. ఆక్సిజన్ సరిపడా ఉన్నంతకాలం, పుట్టింది పుట్టినట్టే దాన్ని కణమే చెరిపేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే చెరిపే పని ఆగిపోతుంది. మిగిలిపోయిన ప్రొటీన్ కణకేంద్రకంలోకి వెళ్లి, నిద్రపోతున్న జన్యువుల్ని లేపుతుంది. మూత్రపిండాల్లో అలా లేచిన ఒక జన్యువు వల్ల, ఎర్రకణాలు ఇంకా చెయ్యమని ఎముకల్లోని మజ్జకి కబురు వెళుతుంది. గాలి అందేదాకా ఆ కబురు ఆగదు. రక్తం చిక్కబడుతుంది. దాన్ని తోడలేక గుండె అలిసిపోతుంది.

మేము బలమనుకున్నది ఊపిరాడని ఒంటి మొర.

ఇదంతా బావకి చెప్పాను. అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"నానేటీ సెప్పనేదు కదా బావా. లోపల్నించి ఆ కబురు ఎవులు సెప్పేరు?"

ఆయనే చెయ్యి చాపి గొట్టం అందుకున్నాడు. అప్పట్నించి స్నానానికి తప్ప తియ్యలేదు. మిషను ముందుగదిలో ఎడతెగకుండా గురగురలాడేది. ఆ చప్పుడు అడుగున, ఆయన పక్కటెముకల వెనక, ఎవరో ఇంకా కబురు పంపుతూనే ఉన్నట్టు అనిపించి, నేను మాటల మధ్య ఉలిక్కిపడేవాణ్ణి. ముసురు పట్టిన రోజుల్లో ఒక ఉదయం బావ గుండె ఆగిపోయింది.

మొన్న వెనక వీధివాళ్లు తమ ముసలాయనకి కావాలని మిషను అడగడానికి వచ్చారు. ఇచ్చేద్దామని అప్పే అంది. పనిచేస్తోందో లేదో చూపిద్దామని నేను స్విచ్చి వేశాను. ముందుగదిలో మళ్లీ ఆ గురగుర. వంటింట్లో గిన్నెలు తోముతున్న అప్ప, చెయ్యి ఆపకుండానే, మామూలు గొంతుతో అంది.

"గొట్టం ఎట్టుకున్నారో లేదో సూడు తమ్ముడూ."

ఆ తరవాత గిన్నెల చప్పుడు ఆగింది.