ఇత్తడి చెంబులో పులుసు

నా చిన్నప్పుడు మా తాతయ్య తన చేపల వ్యానుకి మూడో గేరు వెయ్యబోతే, కొవ్వూరు వంతెన మీద మొదలైన కీచుమోతకి గోదావరి అడుగున చేపలు కూడా ఉలిక్కిపడేవి. ఆ గేరు పడేలోపు ఐసు కరిగి, వ్యానులోని చేపలు వేసవి స్నానం చేసేవి. రాజమండ్రి వర్తకులు ముక్కులు మూసుకుని సరుకు వెనక్కి పంపేవారు. ఇలాగే సాగితే వ్యాను అమ్ముకోక తప్పదు, వ్యానుతో పాటు వ్యాపారమూ పోతుంది.

అంతా తాతయ్య ముక్కు చేసిన నిర్వాకం. ఎండుచేప ఎంత కంపు కొడితే అంత సరుకున్నట్టని ఆయన సిద్ధాంతం. వెనక ఇరుసులో పోసే ఆయిల్ డబ్బా మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. ఇంత ఘాటున్నది బలంగా లేకపోతుందా అని, మెకానిక్ మొత్తుకుంటున్నా గేరుబాక్సులోనూ అదే పోయించారు. కొన్నాళ్లకి విప్పి చూస్తే, గేర్లు సాఫీగా కలవడానికి లోపలుండే సింక్రో రింగులు తినేసినట్టున్నాయి. మెకానిక్ ఆయిల్ తప్పన్నాడు. తాతయ్య రింగులు నాసిరకమన్నారు. కొత్తవి వేసి మళ్లీ ఆ ఆయిలే పొయ్యాలని హుకుం జారీచేసి, అరిగిన రింగు జేబులో వేసుకుని ఇంటికొచ్చి పెంకులు ఎగిరేలా అరిచారు. అమ్మమ్మ ఆ రింగుని కాసేపు చింతపండుతో తోమింది. పసుపుపచ్చగా మెరిసింది.

మర్నాడు భోజనానికి కూర్చున్న తాతయ్య ముందు, ఆయన ప్రాణంలా చూసుకునే ఇత్తడి చెంబు పెట్టింది. అందులో నిన్నటి చేపల పులుసు. చెంబు అంచు చుట్టూ ఆకుపచ్చటి చిలుము.

"కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడతారేంటే? బుద్ధుందా?"

"ఆ రింగులూ ఇత్తడేగా అండీ. వాటికి మీరు పోసిన ఆ ఘాటు ఆయిలూ ఇత్తడిని తినేసే పులుసే కదా?"

తాతయ్య మజ్జిగన్నం తిని లేచారు. తప్పు ఒప్పుకోలేదు, ఆ అలవాటు మా వంశంలో లేదు. నేరుగా షెడ్డుకి వెళ్లి, ఇత్తడి సంగతి తానే కనిపెట్టినట్టు మెకానిక్‌కి ఉపన్యాసమిచ్చి, అతను మొదట చెప్పిన ఆయిలే పోయించారు. మూడో గేరు వెన్నలో వేలు దిగినట్టు పడింది. చేపలు ఐసు మీదే రాజమండ్రి చేరాయి.

ఇప్పుడు నా కారు రింగులకి కార్బన్ పూతట. ఆయిల్ కొట్టులో మాత్రం, "ఇది బాగా స్ట్రాంగండీ, దేనికైనా పొయ్యొచ్చు" అనే అంటారు. నాకు తల బొప్పికడుతుంది. ఎంత ఘాటో తర్వాత చెబుదువుగానీ, లోపల ఏముందో ముందు చూడవయ్యా అంటాను. పిల్లలకి చెప్పేటప్పుడూ, ఇంట్లో కోపంతో నోరు తెరిచేటప్పుడూ ఆ మాటే గుర్తొస్తుంది, సాధారణంగా కాస్త ఆలస్యంగా. చెంబు నా దగ్గరే ఉంది. ఎంత తోమినా ఆ అంచు మచ్చ పోలేదు.