ఇరవయ్యో తల

మా బడికి పేరు బోర్డు లేదు. ఎందుకు లేదని మండలాఫీసు సారును అడిగితే, అది బడి కాదు, కేంద్రం అన్నారు. కేంద్రానికైనా బోర్డు పెట్టొచ్చు కదా అన్నాను. ఏటేటా మంజూరు కావలసిన దానికి బోర్డు ఎందుకమ్మా, వచ్చే ఏడు ఉంటుందో ఉండదో అన్నారు. ఆ సారుకు నా మీద కోపమేమీ లేదు. ఉన్నమాట చెప్పాడు. అప్పటికి నేను అక్కడ మూడేళ్లుగా పని చేస్తున్నాను.

మహబూబాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి, దంతాలపల్లి దాటాక దిగి, అక్కడి నుంచి ఆటోలో ఇంకో అరగంట వెళ్తే ఒక తండా వస్తుంది. అందులో కమ్యూనిటీ హాలు అని పేరున్న ఒక్క గదిలో మా కేంద్రం నడిచేది. బడి మధ్యలో మానేసిన పిల్లల్ని, బడి మొహమే చూడని పిల్లల్ని చేర్చుకుని, ఏడాదో రెండేళ్లో చదువు చెప్పి, వాళ్ల వయసుకు తగిన తరగతిలో మామూలు బడికి పంపించడం మా పని. పన్నెండేళ్ల పిల్లను తీసుకెళ్లి రెండో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మూడో రోజే మానేస్తుంది. అందుకని ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. కాకపోతే మేము పని బాగా చేస్తే పిల్లలు వెళ్లిపోతారు. పిల్లలు వెళ్లిపోతే లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గితే టీచరును తీసేస్తారు. ఇరవై మంది ఉంటే ఇద్దరు టీచర్లు, పందొమ్మిది మంది ఉంటే ఒక్కరే. చదువు సరిగ్గా చెప్పని కేంద్రానికి ఈ బాధ లేదు. అక్కడి పిల్లలు ఎక్కడికీ పోరు. ఈ సంగతి ఒకసారి మీటింగులో లేచి చెప్పాను. బాగుంది మేడం, రాసివ్వండి అన్నారు. రాసిచ్చాను. ఆ కాగితం చాలా రోజులు ఆఫీసులో బీరువా ఊగకుండా దాని కాలి కింద ఉండింది.

జూన్ వస్తే ఇల్లిల్లూ తిరగాలి. నేనొక్కదాన్నే కాదు, ఊళ్లోని సర్కారు బడి సారూ తిరుగుతాడు, ప్రైవేటు బడివాళ్లు బస్సు బొమ్మ ఉన్న కాగితాలు పట్టుకుని తిరుగుతారు. ఒకే గడపలో ముగ్గురం ఎదురైతే ఒకరికొకరం నమస్కారం పెట్టుకుని, పిల్లవాడి వైపు చూసేవాళ్లం. మొదటి ఏడు నన్ను చూసి తండా కుక్కలు మొరిగాయి. మూడో ఏటికి అవి మానేశాయి, మనుషులే తలుపులు వేసుకునేవాళ్లు.

మొదటి ఏడంతా నేనొక్కదాన్నే టీచర్ని. నాకు లంబాడీ రాదు. పిల్లలకు తెలుగు అంతంతమాత్రం. నేను ఏం చెప్పినా అందరూ తలూపేవాళ్లు. ఇంత బుద్ధిమంతులైన పిల్లల్ని ఎక్కడా చూడలేదని ఇంట్లో చెప్పుకున్నాను కూడా. రెండో ఏడు లెక్క ఇరవై దాటింది కాబట్టి రెండో టీచరును ఇచ్చారు. అదే తండా పిల్ల, డిగ్రీ చదివింది, టీచరు ట్రైనింగూ అయింది, పెళ్లయి ఒక బిడ్డ. వచ్చిన మొదటి రోజే పిల్లల ముందు నిలబడి వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడింది. గది గదంతా ఘొల్లుమంది.

"ఏం చెప్పినవు?" అన్నాను.

"ఏం లేదక్కా. ఏడాది సంది నువ్వు ఏమంటున్నవో చెప్పిన."

ఆ రోజు నుంచి ఆ గది బడిలా ఉంది. ఆమె లేకపోతే నేను మళ్లీ తలలూపించుకునే టీచర్నే అవుతానని నాకు బాగా తెలుసు. ఉద్యోగం పోతే ఆమె మళ్లీ పత్తి చేలోకి పోవాలి. అందుకని ఏటా దసరా సెలవులయ్యాక జరిగే తలల లెక్క దగ్గరపడితే ఆమె కంటే నాకే ఎక్కువ గుబులు.

నేను చెప్పబోయేది నా మూడో ఏటి లెక్క సంగతి. జూన్‌లో ఇరవై మూడు మందితో మొదలుపెట్టాం. ఒక ఇల్లు హైదరాబాదుకు పనికి పోయింది, ఇద్దరు పిల్లలు పోయారు. ఒకణ్ణి మేమే ఆరో తరగతికి పంపి, స్వీటు పంచుకున్నాం. సరిగ్గా ఇరవై మిగిలారు. ఆ ఇరవై మందిలో పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఉండేది. మూడో తరగతిలో బడి మానింది. ఏటా మిరపకాయ ఏరే కాలంలో అమ్మానాయినలు ఖమ్మం వైపు చేలకు పోతారు. ఇంట్లో చూసుకునే పెద్దవాళ్లు లేరు కాబట్టి పిల్లనూ తీసుకుపోయేవాళ్లు. అక్కడ తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఆ పిల్ల పని. వాళ్లు తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయేవి. మా దగ్గరికి వచ్చిన రెండేళ్లలో ఆరో తరగతి పాఠం ఆగకుండా చదివే స్థితికి వచ్చింది. బోర్డు మీద నేను చేసే భాగహారాల్లో తప్పులు పట్టేది. పట్టినప్పుడు నాకు ఒళ్లు మండేది, పైకి మాత్రం శభాష్ అనేదాన్ని. ప్రతి సోమవారం వచ్చి, "నన్నెప్పుడు పంపుతవ్ టీచర్?" అని అడిగేది. పక్క మండలంలో ఆడపిల్లలకు హాస్టల్ ఉన్న సర్కారు బడి ఉంది. అక్కడ చేరితే మిరప చేలతో పని లేదు. అమ్మానాయినలు ఎక్కడికి పోయినా ఆ పిల్ల చదువు ఆగదు. అక్కడ సీటు కావాలని జూన్‌లోనే చెప్పి పెట్టాను. అన్నీ నిండాయి, ఖాళీ అయితే చెప్తామన్నారు.

లెక్కకు నాలుగు రోజుల ముందు, శనివారం సాయంత్రం ఇంటికి పోయే బస్సులో ఉండగా ఆ బడి పెద్ద మేడం ఫోన్ చేసింది.

"ఒక పిల్ల బడి ఇడిసి పోయింది, సీటు ఖాళీ అయింది. నీ పిల్లను సోమవారం తోలుకరా. మంగళవారం దాటితే నేను ఆపలేను, శానమంది అడుగుతున్నరు."

లెక్క బుధవారం. ఇరవైలోంచి ఒకటి తీసేస్తే ఎంతో నేనే రోజూ పిల్లలకు నేర్పిస్తాను. బస్సు శబ్దంలో ఆ లెక్క నాకు చాలా తొందరగా వచ్చింది.

"పిల్లకు జరమొచ్చింది మేడం. గురువారం తోలుకొస్త" అన్నాను.

"జరమొస్తే దవాఖానకు తీస్కపో. ఇక్కడ గూడ నర్సమ్మ ఉన్నది."

"మూడు రోజులే మేడం."

"నేనైతే మాట ఇయ్య" అని ఆమె పెట్టేసింది.

ఆమె మంచి మనిషి, ఎట్లాగైనా ఆపుతుందిలే అనుకున్నాను. ఇరవై మంది పిల్లల కోసం ఒక పిల్లను మూడు రోజులు ఆపితే తప్పేంటి అని కూడా అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న మాటల్లో అంత మర్యాదగా ఉన్న మాట ఇంకొకటి లేదు. ఈ సంగతి మా రెండో టీచరుకు చెప్పలేదు. చెప్తే, పిల్లను పంపు అక్కా అంటుందని భయం. అప్పుడు నేను మంచిదాన్ని కావలసి వస్తుంది.

సోమవారం ఆ పిల్ల ఎప్పటిలాగే అడిగింది. "ఈ వారంలనే" అన్నాను. అబద్ధం కూడా కాదు. ఆ రోజు మా రెండో టీచరు ఎందుకో ఎవరినీ గట్టిగా అనలేదు. మధ్యాహ్నం ఆ పిల్లను కూర్చోబెట్టుకుని పేలు చూసి, జడ వేసింది.

బుధవారం పొద్దున పదకొండింటికి మండలాఫీసు సారు వచ్చాడు. తలల లెక్క అంటే నిజంగానే తలల లెక్క. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద వేలు పెట్టి లెక్కపెట్టి, ఫోనులో ఫొటో తీసుకుంటారు. రిజిస్టరులో ఎన్ని పేర్లున్నా దానికి విలువ లేదు. అందుకని మా రెండో టీచరు పొద్దున ఆరు నుంచీ తండా అంతా పరుగులు పెట్టింది. ఇద్దర్ని పత్తి చేలోంచి తెచ్చింది. ఒక పిల్లవాడికి నిజంగానే జ్వరం. వాళ్ల నాయిన దుప్పటి చుట్టి భుజం మీద వేసుకొచ్చాడు. నిద్రపోయేవాణ్ణి ఎట్ల లెక్క పెట్టాలమ్మా అన్నాడు సారు. వాళ్ల నాయిన కదిపితే పిల్లవాడు కళ్లు తెరిచి, సారును చూసి, మళ్లీ మూసుకున్నాడు. సారు దాన్ని హాజరుగా ఒప్పుకున్నాడు. వరుస చివర ఆ పిల్ల నిలబడింది. సారు ఆమె తల మీద వేలు పెట్టి, "ఇరవై" అన్నాడు. ఫొటోకు అందరికంటే ఆ పిల్లే బాగా నవ్వింది.

సారు టీ తాగి, ఇద్దరు టీచర్లు కొనసాగవచ్చు అని రాసి సంతకం పెట్టి పోయాడు. మా రెండో టీచరు సంతోషంగా ఎగురుతుందనుకున్నాను. ఆమె బోర్డు తుడుస్తూ ఉండిపోయింది. అలిసిపోయిందనుకున్నాను.

గురువారం ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. వాళ్లమ్మ అంతకు ముందు సాయంత్రమే పెట్టె, బకెట్, పళ్లెం, గ్లాసు సిద్ధం చేసింది. బకెట్ మీద తన పేరు తానే పెయింటుతో రాసుకుంది ఆ పిల్ల. ఒక్క అక్షరం తప్పు లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊళ్ల పేర్లన్నీ పైకి చదువుకుంటూ వచ్చింది.

పెద్ద మేడం మమ్మల్ని చూసి కుర్చీ చూపించింది. "నిన్ననే ఇచ్చేసిన" అంది. "మంగళవారం దాటితే ఆపనని చెప్పిన గదా. తల్లిలేని పిల్ల, వాళ్ల నాయిన పొద్దున్నే వచ్చి కూసున్నడు, ఏం చెయ్యమంటవు?" అని, ఆ పిల్ల వైపు తిరిగి, "జరం తగ్గిందా బిడ్డా?" అంది.

"నాకు జరం రాలే" అంది ఆ పిల్ల.

మేడం నన్ను ఒకసారి చూసి, కాగితాలు సర్దుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊళ్ల పేర్లు చదవలేదు. జరమొచ్చిందని ఎందుకు చెప్పినవు టీచర్ అని అడుగుతుందని దారంతా ఎదురుచూశాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మర్నాడు పిల్లలు రాకముందే మా రెండో టీచరుకు అంతా చెప్పేశాను. ఆమె కోసమే చేశానని కూడా అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండవలసింది.

ఆమె చాప పరుస్తూ, "నాకు ఎరుకే అక్కా" అంది. "శనివారం ఆ మేడం ముందు నాకే చేసింది. నీ ఫోన్ కలుస్తలేదని సీటు సంగతి నాకు చెప్పింది. మా అక్క చూస్కుంటది, మళ్ల చెయ్యుండ్రి అన్న. సోమవారం నువ్వు చెప్తవని చూసిన. నువ్వు చెప్పకపోతివి." చాప మడత సరిచేసి, "చెప్పకుంటే మంచిగుండు అని గూడ అనుకున్న" అంది.

ఆ రోజు ఇద్దరం ఎవరి తరగతి వాళ్లం చెప్పుకున్నాం. ఆ తర్వాత రెండు నెలలు తెలిసిన చోటల్లా అడిగాం. నేను ఇంతకుముందు పనిచేసిన మొగుళ్లపల్లి వైపు అడిగాను, జనగామలో నాతో చదువుకున్న ఒకావిడను అడిగాను. ఎక్కడా ఖాళీ లేదు. మేడం ఫోన్ నంబరు చూసినప్పుడల్లా చేయాలనిపించేది, ఒక్కసారీ చేయలేదు.

మిరపకాయ ఏరే కాలం వచ్చింది. రేపు వెళ్తారనగా ఇద్దరం ఆ పిల్ల ఇంటికి వెళ్లాం. అప్పటిదాకా వాళ్లమ్మకు నిజం చెప్పలేదు. సీటు లేదన్నారని మాత్రమే ఆమెకు తెలుసు. ఆమె వాకిట్లో కూర్చుని వంట గిన్నెలు సంచిలో సర్దుతోంది. పిల్ల లోపల తమ్ముడికి అన్నం తినిపిస్తోంది. నేను తెలుగులో మొదలుపెట్టాను. తప్పు ఎవరిదో స్పష్టంగా ఉండాలని మా రెండో టీచరు మళ్లీ వాళ్ల భాషలో మొత్తం చెప్పింది. ఫోన్ సంగతి, జ్వరం సంగతి, తన సంగతి కూడా. ఎక్కడా తగ్గించలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

వాళ్లమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్లాం అనుకోండి. ఆమె గిన్నెలు పక్కన పెట్టి, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా ఏదో చాలాసేపు చెప్పింది. కోపం లేదు. సందేహం తీర్చుకుంటున్నట్టు ఉంది.

"ఏమంటుంది?" అన్నాను.

మా రెండో టీచరు తల దించుకుని ఒక్కో ముక్కా చెప్పింది. "మా పిల్లను ఆపితే మీరిద్దరు ఉన్నరు. మంచిదే. ఒకరి బువ్వ పోకుంటే మంచిదే. మరి ఇద్దరున్నరు గదా. ఒకరు ఇక్కడ ఉండుండ్రి. ఒకరు మాతోని మిరప చేన్లకు రాండ్రి, పిల్లకు సదువు చెప్తందుకు. అక్కడ గుడిసె ఉంటది, మాతోనే తిందురు. ఎవరొస్తున్నరు, నువ్వా, పెద్ద టీచరా, అని అడుగుతుంది."

వాళ్లమ్మ నవ్వులాటకు అడగలేదు. జవాబు కోసం నా వైపు చూస్తూ కూర్చుంది.

నేను "చూద్దాం" అన్నాను. దాన్ని లంబాడీలోకి మార్చి చెప్పవలసిన అవసరం రాలేదు. ఆమె మళ్లీ గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ తెలుగు ఆమెకు బాగానే వచ్చు.