పసుపు పూసిన ఖడ్గమృగం పన్ను

ఈ వానాకాలం మొదట్లో మా వదిన కన్నుమూసింది. ఆ ఉదయం నాకు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది మార్కాపురం నుంచి, ఆమె కొడుకు చేశాడు. "అత్తా, అమ్మ నిద్దట్లోనే పోయింది" అన్నాడు. రెండోది రాచర్ల దగ్గరి పల్లె నుంచి, గొర్రెలు కాచుకునే ఇంటి అవ్వ చేసింది.

"టీచరమ్మ పోయిందంట గదా తల్లీ. పన్ను కాడ దీపం పెట్టినాము. దానికి గూడా చెప్పాల గదా."

ఆ పన్ను సంగతి చెప్పకుండా వదిన గురించి చెప్పలేను.

వదిన అంటే మా ఆయన అక్క. మార్కాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పింది. నేను గిద్దలూరులో లెక్కలు చెప్పాను. నా క్లాసులో పిల్లలు స్కేలు లేకుండా గీత గీస్తే ఊరుకునేదాన్ని కాదు. ఆమె క్లాసు సగం రోజులు చెట్ల కిందే. ఆమె కొంగుకు ఎప్పుడూ ఏదో ఒకటి ముడివేసి ఉండేది. గింజో, గవ్వో, పురుగు డొల్లో. మా ఇంటికొస్తే నా అలమరలు చూసి నవ్వేది. "నీ ఇంట్లో అన్నీ సర్ది ఉంటాయి అమ్మీ. అందుకే కొత్తగా ఏమీ దొరకదు."

ఒకసారి ఇద్దరం రాచర్ల వైపు పెళ్ళికి పోతుంటే ఆటో ఆగిపోయింది. పక్కనే ఉన్న గొర్రెల దొడ్డి నీడకు చేరాం. ఫోన్ చేసిన ఈ అవ్వే అక్కడ సానరాయి మీద నల్లటి రాయి ఒకటి అరగదీస్తోంది. కుంటుతున్న గొర్రెలకు ఆ గంధం నీళ్ళలో కలిపి పోస్తుందట.

"ఏందవ్వా అది?" అంది వదిన.

"మా మామకు సగిలేటి ఇసకలో దొరికింది తల్లీ. గాలికుంటుకు మందు."

వదిన దాన్ని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత నా ముందు పెట్టింది. "చూడు అమ్మీ, నీ లెక్కల గుర్తు."

నిజమే. రెండు నిలువు గీతలు, పైన అడ్డగీత. వృత్తం పాఠంలో వాడే 'పై' గుర్తు. నమిలి నమిలి అరిగిన ఖడ్గమృగం పైదవడ పన్ను మీద ఆ ఆకారం బయటపడుతుందట. సాన మీద అరిగి అరిగి ఒక గీత అప్పటికే సగం పోయింది. భూగర్భశాస్త్రం చదివిన ఆమె పాత శిష్యురాలు ఫొటో చూసి, వేల ఏళ్ళకు రాయిగా మారిన ఖడ్గమృగం పన్నేనని చెప్పింది. కర్నూలు వైపు గుహల్లో ఆ జంతువుల ఎముకలు ఎప్పుడో దొరికాయని నాకు అప్పుడే తెలిసింది. జిల్లాలు విడదీయకముందు మేమూ కర్నూలు జిల్లాలోనివాళ్ళమే. "జిల్లా గీతలు మనవి. అవి గడ్డి ఉన్న చోటల్లా మేసినాయి" అంది వదిన.

దాన్ని వెంటనే మ్యూజియానికి ఇప్పించమన్నాను. "వాళ్ళే ఇస్తే సరే. లాక్కుంటే, కొమ్ము కోసుకపోయేటోడికీ మనకూ తేడా ఏముంది?" అని కసిరింది.

ఆపైన వీలైనప్పుడల్లా బస్సెక్కి అవ్వ దగ్గరికి పోయేది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు అవ్వకు ఖడ్గమృగం ఫొటో చూపించింది.

"ఇదేంది, బర్రెకు ముక్కు మీద కొమ్ము మొలిచింది!"

"ఆ కొమ్ము అరగదీసి తాగితే రోగాలు పోతాయని, దూరదేశాలోళ్ళ కోసం దీన్ని చంపుకుంటా పోయినారవ్వా."

"పోతాయా?"

"మన గోరు, ఆ కొమ్ము ఒకటే సరుకు."

అవ్వ మంచం మీది మొగుడి వైపు చూసింది. "అట్లయితే మా ముసలాయనకు ఒక్క రోగమూ ఉండకూడదే! పొద్దస్తమానం గోళ్ళు కొరుకుతాంటాడు."

ముసలాయన చప్పున చెయ్యి దించేశాడు. అవ్వ పన్నును అటూ ఇటూ తిప్పింది. "మా గొర్రెల కన్నా ముందు ఈ నేల మీద మేసిందంటావు. అంటే పెద్దది. పెద్దోళ్ళ పన్ను పిండి చేసి గొర్రెలకు తాపుతామా?" అని లేచి పసుపు తెచ్చి పూసింది. పసుపు పూసిన రాయిని సానకు ఆనించడం వాళ్ళలో తప్పు.

తిరుగు బస్సులో నాకు కోపం ఆగలేదు. "సైన్సు టీచరువి, రాయికి పసుపు పూస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"గొర్రెలకు టీకా వేయిస్తామని మాట తీసుకున్నా గదా. పసుపుదేముంది, రేపెవరైనా కడుక్కుంటారు. పొడైపోతే దేన్ని కడుగుతారు?"

రిటైరయ్యాక అస్సాం పోయి బతికున్న ఖడ్గమృగాలను చూసొచ్చింది. ఒకప్పుడు గుప్పెడు మిగిలినవి, కాపలా కాస్తే ఇప్పుడు వేలయ్యాయని పల్లెపల్లెకూ చెప్పింది. "తగ్గింది మళ్ళీ పెరగదని ఎవరన్నారు?" అనేది. ఆమెకు ఒంట్లో బాగాలేనప్పుడు నేను దిగులుపడినా అదే మాట.

ఆమె పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు అవ్వ మళ్ళీ ఫోన్ చేసింది. "గాలికుంటు వచ్చింది. నా కొడుకు పన్ను అరగదీస్తానని సాన కడుగుతాండాడు. నువ్వు రా తల్లీ."

వెంటనే వెళ్ళాను. అవ్వ కొడుకు సాన పక్కన పెట్టుకుని పన్ను ముందరే గొంతుక్కూర్చుని ఉన్నాడు. "టీచరమ్మ ఉన్నన్నాళ్ళూ విన్నాం. ఇప్పుడు గొర్రెలు పోతే ఎవరు దిక్కు?"

వదినలా నవ్వించి ఒప్పించడం నాకు చేతకాదు. నాకొచ్చింది ప్రశ్న అడగడమే. "కుంటుతున్నవి టీకా వేసినవా, వేయనివా?"

అతను మంద వైపు చాలాసేపు చూశాడు. "వేయనివే. మొన్న సంతలో కొన్నవి" అన్నాడు మెల్లగా.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. అతను వచ్చేలోగా కుంటేవాటిని కొడుకే వేరే దొడ్లోకి తోలాడు. అవ్వ సానరాయిని తీసుకుపోయి, కుడితి తొట్టి కదలకుండా దాని కింద ఎత్తుగా పెట్టింది.

పోయేముందు పన్ను దగ్గర వంగి చూశాను. ఏళ్ళ తరబడి పూసిన పసుపు పైపైన రాలిపోయి గీతల్లో మాత్రం నిలిచిపోయింది. నల్లటి రాయి మీద నా లెక్కల గుర్తు, అరిగిన సగం గీతతో సహా, పచ్చగా, బ్లాక్‌బోర్డు మీద ఇప్పుడే రాసినంత స్పష్టంగా ఉంది.